మూడు కూతల వేళ

డాక్టర్ ఇందుమతిని ఒంటరి మనిషి అని ఆమె ముఖం మీద ఎవరూ అనలేదు. అనాలన్నా ఎవరో ఒకరు ఎదురుగా ఉండాలి కదా.

అనంతపురం పొలిమేరలో, గాలి తప్ప వేరే చుట్టం రాని విశ్వవిద్యాలయం క్వార్టర్సులో ఆమె నివాసం. సమాజశాస్త్రంలో ప్రొఫెసరు. యాభై మూడేళ్లు. పెళ్ళి చేసుకోలేదు, చేసుకోనందుకు చింతించనూ లేదు. తల్లి ఉన్నన్నాళ్లూ ఇంట్లో పోట్లాడటానికైనా ఒక మనిషి ఉండేది. ఆవిడ పోయాక ఆ భాగ్యమూ పోయింది. ఫోను మోగిందంటే బీమా పాలసీలు అమ్మే అమ్మాయి. ఆ అమ్మాయితో కూడా ఇందుమతి అవసరానికి మించి రెండు నిమిషాలు మాట్లాడేది. పిల్లల చదువుల పాలసీ గురించి గుచ్చి గుచ్చి అడిగేది. పిల్లలు లేని మనిషికి ఆ వివరాలెందుకో పాపం ఆ అమ్మాయికి తెలియదు.

అలాంటి మనిషికి సాయంత్రం ఆరయ్యేసరికి ఎక్కడలేని తొందరా వచ్చేది. అరగ్లాసు బియ్యం కడిగి కుక్కర్లో పోసి, స్టవ్ వెలిగించి, వంటింట్లోనే పీట వేసుకుని ఫోను తీసేది.

ఆ గుంపు పేరు ‘వంటిల్లు’. పైకి చూస్తే పచ్చళ్లు, పొడులు, పులుసుల గుంపు. ఎవరైనా రావచ్చు, ఎవరైనా చదవచ్చు. తలుపుకి తాళం వేస్తేనే లోపలేముందని అనుమానం పుడుతుంది, వంటింట్లోకి మాత్రం పిలిచినా మగాడు రాడు అనేది గుంపు పెట్టిన పెద్దావిడ సిద్ధాంతం. గోంగూర పచ్చడి కింద రెండు వ్యాఖ్యలు చదివేసరికి ఏ మగవాడైనా ఆవులించి వెళ్ళిపోతాడు. మూడో వ్యాఖ్య నుంచి అసలు సంగతి మొదలవుతుంది. అక్కడ అరవై ముగ్గురు ఆడవాళ్లు తమ గోడు చెప్పుకునేవారు. ఎవరి పేరూ ఎవరికీ తెలియదు. చేరేటప్పుడే వంటింటి వస్తువు పేరొకటి పెట్టుకోవాలి. గుంపు పెట్టిన పెద్దావిడ రోలు. తెలంగాణ వైపు ఆమె ఒకరు చిల్లిగరిటె. కడప జిల్లాలో ఏదో ఊళ్ళో ఉండే ఆమె పట్టకారు. ఇందుమతి ఉప్పుజాడీ.

రాయడానికీ ఒక వేళ ఉంది. కుక్కరు పెట్టిన దగ్గర్నుంచి మూడు కూతలు వచ్చేదాకా. ఆ కాసేపూ ఆడది పొయ్యి దగ్గర నిలబడి ఫోను చూస్తుంటే ఏ ఇంట్లోనూ ఏమిటని అడగరు. మూడో కూత వినగానే ఎంత దుఃఖం మధ్యలో ఉన్నా సరే, వాక్యాన్ని అక్కడే వదిలేసి పోతారు. మర్నాడు మిగతావాళ్ళే అడుగుతారు, “నిన్న ఎక్కడ ఆపావమ్మా?” అని.

నిజానికి ఇందుమతి అక్కడికి గోడు చెప్పుకోవడానికి పోలేదు. నాలుగేళ్ల కిందట పరిశోధనకి పోయింది.

ఈ కాలపు ఫోన్లు మనం కొట్టిన అక్షరాలతో ఊరుకోవు. ఏ అక్షరం ముందు ఎంతసేపు ఆగామో, ఏది రాసి ఎన్నిసార్లు చెరిపామో సెకనులో వెయ్యోవంతు దాకా లెక్కగట్టి కంపెనీలకు పంపుతుంటాయి. తప్పులు దిద్దడానికట. పరిశోధకులు అడిగితే ఆ లెక్కలు ఇస్తారు కూడా. మాట అబద్ధం చెబుతుంది గానీ, మాటకు ముందు ఆగిన చెయ్యి చెప్పదని ఇందుమతికి తోచింది. ఆగిన క్షణాలను గీతలుగా మార్చి ఒక పటం గీసే పద్ధతి కనిపెట్టింది. ‘విరామపటం’ అని పేరు పెట్టింది. ‘బాగున్నాను’ అని రాసిన మనిషి నిజంగా బాగుందో లేదో ఆ పటం చెప్పేస్తుంది. చావు ఆలోచనలున్న మనిషిని ముందే పసిగట్టి కాపాడవచ్చని ఆమె ఆశ. మంచి ఆశే. చెడ్డ పనులు సగం మంచి ఆశలతోనే మొదలవుతాయి.

నీతి సంఘం వారి దరఖాస్తులో ఒక ప్రశ్న ఉంటుంది: ఈ పరిశోధనలో మనుషులు పాల్గొంటున్నారా? ఇందుమతి ‘లేదు’ అన్న గడిలో టిక్కు పెట్టింది. తాను తీసుకునేది మనుషుల్ని కాదు, వాళ్ళు ఆగిన క్షణాల్ని. అది కూడా అందరికీ తెరిచిన గుంపులోంచి. పైగా ఆమె జాగ్రత్త అంతా ఇంతా కాదు. లెక్కలను తోటి పరిశోధకుల కోసం బయట పెట్టేముందు పేర్లు తీసేసింది, ఊళ్ళు తీసేసింది, ఆ తర్వాత ఒక్కొక్క అక్షరాన్నీ తీసేసింది. చివరికి మిగిలినవి ఖాళీలు. “నా దగ్గరున్న సమాచారంలో ఒక్క మాట కూడా లేదు” అని ఒక సదస్సులో గర్వంగా చెప్పింది. అందరూ చప్పట్లు కొట్టారు.

పరిశోధన ముగిసి రెండేళ్లయింది. ముగిశాక పరిశోధకురాలు అక్కడి నుంచి తప్పుకోవాలి, అది నియమం. ఇంకో నెల చూద్దామనుకుంది. తర్వాత ఇంకో నెల. ఆ తర్వాత తనకు తాను సంజాయిషీ చెప్పుకోవడం కూడా మానేసింది. ఉప్పుజాడీకి ఆమె అల్లిన కథ ఏమిటంటే, తాడిపత్రిలో ఆడపిల్లల హాస్టల్ వార్డెను, మొగుడు పోయిన మనిషి. మొగుడి పేరు సాంబశివరావు. దొండకాయ వేపుడంటే ప్రాణం ఆయనకి. ఏటా ఆయన పోయిన రోజున అరవై రెండు మందీ ఓదార్చేవారు. లేని మొగుడి కోసం ఇందుమతి నిజంగానే ఏడ్చేది. ఆ ఏడుపు ఎవరి కోసమో మనం అడక్కూడదు.

మంగళవారం మధ్యాహ్నం గణాంకశాస్త్రం అధ్యాపకుడు అస్లాం బాషా ఆమె గదికి వచ్చాడు. విరామపటం లెక్కల్లో సగం అతనివే. నలభై ఐదేళ్ల నెమ్మదైన మనిషి. ఆ రోజు మాత్రం కుర్చీ చూపించినా కూర్చోలేదు.

“మేడమ్, ఒక చిన్న పరీక్ష చేస్తి. మీరు కోపగించుకోవద్దు.”

“ఏం పరీక్ష?”

“మీరు నాకు పంపిన మెసేజీలు ఇరవై తీసుకుంటి. అదే, మీటింగు వాయిదా, రిపోర్టు పంపండి, అట్లాంటివి. మాటలు పీకేస్తి. ఆగిన లెక్కలు మాత్రం పెట్టుకోని, ఈ మనిషి నెట్‌లో ఇంకా యాడన్నా రాస్తాందేమో వెదకమని వదిలితి. నాలుగు నిమిషాలు పట్టె మేడమ్, అంతే.”

ల్యాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. గోంగూర పచ్చడి ఫొటో. దాని కింద వ్యాఖ్యలు.

“ఉప్పుజాడీ మీరేనా మేడమ్?”

ఇందుమతి ల్యాప్‌టాప్ మూత దించేసింది. బాషా తల దించుకున్నాడు. “నేనేమీ సదవలేదు. అల్లా మీద ఒట్టు. పేరు జూసి మూసేస్తి” అన్నాడు. రెండేళ్ల కిందటే వదలాల్సిన గుంపులో ఎందుకున్నారని అడగలేదు. ఆ మర్యాద ఆమెను ఇంకా కుంగదీసింది.

“నడకను బట్టి మనిషిని గుర్తు పట్టమా మేడమ్, అట్లనే ఇది గూడా. ఒకరి చెయ్యి ఆగినట్ల ఇంకొకరిది ఆగదు. పేరు మార్చినా, యాస మార్చినా అది మారదు.”

“అయితే అయింది. మనిద్దరికి తప్ప ఎవరికి తెలుసు?”

బాషా జేబులోంచి ఫోను తీసి ఒక ప్రకటన చూపించాడు. ‘కాపలా’ అని కొత్త యాప్. నవ్వుతున్న మొగుడూ పెళ్ళాలు, మధ్యలో పాప. ‘మీ ఇంట్లోవాళ్ళు పంపిన పది మెసేజీలు ఇవ్వండి చాలు. వాళ్ళు నెట్‌లో ఏ పేరుతో ఎక్కడెక్కడ మాట్లాడుతున్నారో చెబుతాం. వారి క్షేమం కోసమే!’ విడుదల శుక్రవారం పొద్దున. కంచే చేను మేయడమంటే ఇదే.

“వాళ్ళకు ఈ విద్య ఎలా వచ్చింది?” అని అడిగింది గానీ, అడుగుతుండగానే జవాబు తెలిసిపోయింది.

“మనం బయట పెట్టినాం గదా మేడమ్. నాలుగు వందల మందికి పైగా దించుకున్నారు. యంత్రానికి దాంతోనే నేర్పించినారు.”

“మాటలన్నీ తీసేశాం కదా బాషా.”

“తీసేస్తిమి మేడమ్. మనిషి మిగిలిపాయ.”

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆ గంటలోనే ఇందుమతి తన లెక్కల్ని వెనక్కి తీసుకుంటున్నట్టు ప్రకటించింది. పోయిన నాలుగు వందల ప్రతులు పోయినవే. ఒక్క దారి మిగిలింది. రాసినవాళ్లు తమ మాటల్ని తామే చెరిపేస్తే, ఆ రాత్రికల్లా వాటి విరామాలను కూడా కంపెనీలు చెరిపేయాలని చట్టం. అంటే గురువారం పొద్దుగూకేలోగా వంటింట్లోని అరవై ముగ్గురూ నాలుగేళ్ల కబుర్లన్నీ తుడిచేయాలి. ఒకరి మాటలు ఇంకొకరు చెరపడం కుదరదు.

అందరికంటే ముందు ఆమెకు గుర్తొచ్చింది పట్టకారు. ఆమె మొగుడు ఊళ్ళో నెట్ కనెక్షన్ల ఆఫీసు నడుపుతాడు. ఫోన్లు తెరవడం, మూయడం వాడికి వెన్నతో పెట్టిన విద్య. తాగిన రోజు కొడతాడు, తాగని రోజు ఎందుకు తాగలేదో చెప్పి కొడతాడు. ఆమెకు ఉత్తరాన ఏదో ఊళ్ళో గురుకుల పాఠశాలలో వంటమనిషి ఉద్యోగం దొరికింది. వచ్చే ఆదివారం కూతుర్ని తీసుకుని వెళ్ళిపోతోంది. మూడు వారాల కిందట సంతోషం పట్టలేక ఊరి పేరు, బడి పేరు, ఎక్కబోయే బస్సు వేళతో సహా గుంపులో రాసింది. అందరూ పాయసాల ఫొటోలు పెట్టారు. ఇప్పుడు శుక్రవారం వాడు ‘కూరగాయలు తెండి’, ‘అన్నానికి వస్తారా’ అని ఆమె పంపిన పది మెసేజీలు ఆ యాప్‌కి ఇస్తే చాలు. మిగతాదంతా గోంగూర కింద చదువుకుంటాడు.

ఆ సాయంత్రం కుక్కరు పెట్టి ఇందుమతి రాసింది: “అందరూ మీ మాటలన్నీ వెంటనే చెరిపేయండి. శుక్రవారం ఒక యాప్ వస్తోంది. మనం ఎవరమో ఇంట్లోవాళ్ళకి తెలిసిపోతుంది. తాడిపత్రిలో తెలిసినాయన చెప్పాడు.”

ముందు చిల్లిగరిటె అందుకుంది. “గా తెలిసినాయన ఎవరక్కా? మాకు చెప్పకుంట ఎన్నాళ్ళసంది తెలుసు? మొన్న గిట్లనే ఫోన్లు పేల్తయని మా ఆడిబిడ్డ చెప్తే, బకెట్ల నీళ్లు పెట్టుకోని రాత్రిదాక కూసున్న.”

రోలు రాసింది: “ఏవమ్మా ఉప్పుజాడీ, వార్డెను ఉద్యోగం చాల్లేదా, పుకార్ల ఉద్యోగం కూడా పట్టావేంటి?”

“నిజంగా చెబుతున్నాను. ముఖ్యంగా పట్టకారు జాగ్రత్త.”

“బయపడాకు అక్కా,” అని పట్టకారు జవాబిచ్చింది. “మా ఇంటాయప్పకు పదేండ్లయినా నాకు ఏ కూర ఇష్టమో తెలీదు. నన్ను వెదికి పట్టుకునేంత తెలివి యాడిది?”

మూడో కూత వచ్చేసింది. ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. ఇందుమతి కుక్కరు దించి, ఆకలి లేక అన్నాన్ని అలాగే ఉంచేసింది. వాళ్ళు నమ్మకపోవడంలో తప్పేముంది? హాస్టల్ వార్డెనుకి ఇవన్నీ ఎలా తెలుస్తాయి? నమ్మాలంటే వార్డెను చచ్చిపోవాలి.

బుధవారం ఆమె క్లాసు చెప్పలేదు. గది తలుపు వేసుకుని కూర్చుంది. నిజం చెప్పిందంటే సాయంత్రం ఆరు గంటలు పోతాయి. ‘తిన్నావా’ అని తనను ఈ భూమ్మీద అడిగేది ఆ అరవై రెండు మందే. వాళ్ళు అడిగేది ఉప్పుజాడీని, నిజమే. కానీ తినేది ఇందుమతే కదా. ఈ ఒక్కటీ పోతే తనకేం మిగులుతుందో ఆలోచించబోయి భయపడి మానుకుంది. యాప్ అంత బాగా పని చేయకపోవచ్చు. పట్టకారు మొగుడు దాని గురించి వినకపోవచ్చు. అరగంట సేపు ఆమె ఈ రెండు మాటలనీ గట్టిగా నమ్మింది. ఆ అరగంటకు ఆ తర్వాత ఎప్పుడూ ఆమె తనను తాను క్షమించుకోలేదు.

తర్వాత కంప్యూటర్లో పట్టకారు విరామపటం తెరిచింది. పరిశోధన ముగిసినా వాళ్ళ పటాలు చూసే అలవాటు ఆమెకు పోలేదు. రోజూ పొద్దున్నే పేపర్ చూసినట్టు చూసేది. మొన్న ఆదివారం గీత ఎర్రగా, పొడుగ్గా ఉంది. దాన్ని సోమవారమే చూసింది తాను. నోట్‌బుక్‌లో ‘తీవ్రత పదికి తొమ్మిది’ అని రాసుకుని క్లాసుకి వెళ్ళింది.

సాయంత్రం ఆరింటికి కుక్కరు పెట్టకుండానే రాయడం మొదలుపెట్టింది.

“నేను వార్డెనుని కాదు. తాడిపత్రి నా ఊరు కాదు. విశ్వవిద్యాలయంలో ప్రొఫెసరుని. నాలుగేళ్ల కిందట మిమ్మల్ని పరిశీలించడానికి వచ్చాను. మీరు ఎక్కడెక్కడ ఆగి రాస్తారో లెక్కలు తీసి ప్రపంచానికి ఇచ్చాను. పేర్లు లేవు కదా అనుకున్నాను. ఆ లెక్కలతోనే ఇప్పుడు ఆ యాప్ తయారైంది. మీ ఇంట్లోవాళ్ళకి మీరు పంపిన మెసేజీలు చాలు, మిమ్మల్ని ఇక్కడ పట్టుకోవడానికి.”

“మల్లొక కత,” అంది చిల్లిగరిటె. “నిన్న తెలిసినాయన, ఇయ్యాల ప్రొఫెసర్. రేపు కలెక్టర్ అయితవా అక్కా? రుజువేంది?”

రుజువు చూపించకుండా ఉంటే బాగుండునని ఇందుమతికి ఉంది. దారి లేదు.

“చిల్లిగరిటె, నువ్వు అందర్నీ నవ్వించే మాట రాసే ముందు ప్రతిసారీ నీ వేళ్లు తడబడతాయి. నాలుగేళ్లుగా ఒక్క జోకు కూడా నువ్వు స్థిమితంగా రాయలేదు.”

ఇందుమతి ఆగకుండా తర్వాతి పేరు రాసింది.

“పట్టకారు, ఆదివారం నువ్వు ‘బాగుండా అక్కా’ అని రాశావు. ఆ రెండు మాటలకు ముందు పదకొండు నిమిషాలు ఏదో రాసి చెరిపావు. ఐదుసార్లు. ఏం రాశావో నాకు తెలియదు, ఐదుసార్లూ ఒకే చోట ఆగిపోయావని మాత్రం తెలుసు. ఆ రోజు మీ ఇంట్లో అన్నం మాడిపోయి ఉంటుంది.”

“మాడింది,” అని పట్టకారు రాసింది.

కాసేపటికి మళ్ళీ రాసింది. “పదకొండు నిమిషాలని లెక్కబెట్టినావే అక్కా. ఏమాయ అని అడగలేదేం?”

పది పరిశోధన పత్రాలు రాసిన మనిషి, ఒక ప్రశ్నకు కనీసం అబద్ధమైనా వెతుక్కోలేకపోయింది. సోమవారం పొద్దున ఎర్ర గీతను చూసి తనకు కలిగింది జాలి కాదు, గీత స్పష్టంగా వచ్చిందన్న తృప్తి. అది గుర్తొచ్చి ఏడుపొచ్చింది. ఈసారి సాంబశివరావు కోసం కాదు.

“తప్పు నాది. మీరు నన్ను తిట్టండి. కానీ రేపటిలోగా చెరిపేయండి,” అని మాత్రం రాసింది.

గురువారం రోలు పగ్గాలు తీసుకుంది. “ప్రొఫెసరమ్మా, నీ మీద కోపం నేను తర్వాత తీరిగ్గా తెచ్చుకుంటాను. ఇవాళ పనుంది,” అని పొద్దున్నే రాసింది. కుక్కరు వేళ దాకా ఆగొద్దని, పిల్లల్ని బడికి పంపగానే మొదలుపెట్టమని అందరికీ చెప్పింది. పని తెలిసిన మనిషి. ఎవరు మొదలుపెట్టారు, ఎవరింకా చూసుకోలేదు, ఎవరికి చెరపడం రాదు అన్నీ కనుక్కుంటూ మధ్యాహ్నానికి సగం గుంపుని ఖాళీ చేయించింది.

మాటలు మాయమవుతుంటే ఇందుమతి చూస్తూ కూర్చుంది. ఎవరి మొదటి కాన్పో, ఎవరి అత్తగారి పక్షవాతమో, ఎవరో డిగ్రీ పరీక్ష రెండోసారి రాసి గట్టెక్కిన రోజో, ఒకదాని వెంట ఒకటి తెల్లబడిపోయాయి. కొందరు పోతూ పోతూ ఆమెను తిట్టారు. ఒకామె శాపం పెట్టింది. చిల్లిగరిటె ఏమీ అనకుండా వెళ్ళిపోయింది, తిడితే బాగుండేది.

“మళ్ళీ ఇంకోచోట గుంపు పెట్టుకుందామా?” అని ఎవరో అడిగారు.

“చోటు మారినా చేతులు అవే కదా. అక్కడా దొరికిపోతారు,” అని ఇందుమతే చెప్పాల్సి వచ్చింది.

సాయంత్రానికి ఆరుగురు మిగిలారు, ఆ తర్వాత ముగ్గురు. రోలు చివరగా, “కోపం తెచ్చుకోడానికి తీరిక దొరకలేదు. ఉంటాను,” అని రాసి, ఆ మాటని కూడా చెరిపేసి వెళ్ళింది. పట్టకారు ఒక్కతే ఉంది.

“అక్కా, నీ అసలు పేరేంది?”

“ఇందుమతి.”

“మీ ఆయన?”

“లేడు. ఎప్పుడూ లేడు.”

“పాపం. మంచోడనుకుంటి.”

ఇందుమతి నవ్వింది. రెండు రోజుల్లో అదే మొదటిసారి.

“నా పేరు నీకు చెప్పను.”

“చెప్పొద్దు.”

“ఆదివారందాకా ఆగను. ఆ బడికి గూడా పోను. ఇంకోటి చూసుకున్యా. యాడనో నీకు చెప్పను.”

“ఎవరికీ చెప్పొద్దు. మొన్న ఆదివారం ఏమైంది? ఇప్పుడు అడగొచ్చా?”

పట్టకారు రాస్తున్నట్టు చుక్కలు కదిలాయి, ఆగాయి, మళ్ళీ కదిలాయి. ఈసారి ఎంతసేపు ఆగిందో ఇందుమతి చూడలేదు. ఫోను బోర్లించి పెట్టి కూర్చుంది. మళ్ళీ తీసి చూసేసరికి పైన ఒక వాక్యం ఉంది: ఈ గుంపులో మీరు ఒక్కరే ఉన్నారు.

తన మాటలు చెరుపుకోవడం మొదలుపెట్టింది. సాంబశివరావు దొండకాయ వేపుడు పోయింది. ఆయన గుండెపోటు పోయింది. నాలుగు తద్దినాలూ పోయాయి. ‘తిన్నావా ఉప్పుజాడీ’ అని అడిగినవాళ్ళ మాటలు అప్పటికే లేవు, ‘తిన్నాను’ అన్న తన జవాబులు మాత్రం వరసగా మిగిలి ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటే తీసేసింది.

శుక్రవారం పది గంటలకు బాషా ఆమె ఇంటికి వచ్చాడు. అతను ఆ ఇంటి గడప తొక్కడం అదే మొదలు. వాళ్ళావిడ పంపిందని ఒక టిఫిన్ డబ్బా బల్ల మీద పెట్టాడు. కాపలా యాప్ పొద్దున ఎనిమిదింటికి విడుదలైందట, రెండు గంటల్లోనే లక్ష మంది దించుకున్నారట. యాప్ గురించి హెచ్చరిస్తూ పత్రికలకు తాను రాసిన ఉత్తరాలు ఒక్కటీ అచ్చు కాలేదట. నీతి సంఘానికి ఇందుమతి తన మీద తానే రాసుకున్న ఫిర్యాదు మాత్రం అందినట్టు జవాబొచ్చింది.

“మేడమ్, మీరు చెప్పిన ఆ పట్టకారమ్మ పటం మీ కంప్యూటర్లో ఉంది గదా. ఆమె క్షేమంగా యాడికన్నా చేరిందో లేదో చూద్దామా? యాడన్నా ఒక మాట రాసిందంటే తెలిసిపోతాది. రెండు నిమిషాల పని.”

ఆమెకు ఆశ పుట్టింది. పుట్టలేదంటే అబద్ధం. ఆ అమ్మాయి బస్సెక్కిందా, కూతురు వెంట ఉందా, ఇవాళ అన్నం తిందా, ఒక్క మాట తెలిస్తే ఈ జన్మకి చాలనిపించింది.

“వద్దు బాషా. మనం కనుక్కోగలిగితే వాడూ కనుక్కోగలడు,” అంది. లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి అరవై రెండు పటాలనూ, వాటి ప్రతులనూ అతని ఎదుటే తుడిచేసింది. పట్టకారుది చివరికి ఉంచి, దాన్నీ తుడిచింది. “గుంపు నిజంగా పోయిందో లేదో తెలుసుకోవాలంటే నా మెసేజీలు వేసి చూడండి. నేను దొరక్కపోతే వాళ్ళూ దొరకరు.”

బాషా ఫోన్లో కాపలా తెరిచి, ఆమె తనకు పంపిన పది మెసేజీలు దానికిచ్చాడు. ఇద్దరూ చూస్తూ నిలబడ్డారు. తెర మీద చక్రం తిరుగుతూ ఉంది. మొన్న నాలుగు నిమిషాల్లో దొరికిన మనిషి కోసం యంత్రం ఇరవై నిమిషాలు వెతికింది. చివరికి జవాబు ఇచ్చింది.

బాషా ముఖం వెలిగిపోయింది. “గెలిచినాం మేడమ్!” అని, ఫోను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, క్లాసులో పాఠం చదివినట్టు గట్టిగా చదివాడు.

“ఈ వ్యక్తి ఇంకెక్కడా, ఎవరితోనూ మాట్లాడటం లేదు.”

ఆమెకు సరిగ్గా వినపడలేదేమోనని సంతోషం కొద్దీ ఇంకోసారి కూడా చదివి వినిపించాడు.